వాచీ కొలిచేది నాడిని, చెప్పేది కేలరీలను

నలభై నిమిషాలు గబగబా నడిచొస్తే చేతి వాచీ '212 కేలరీలు' అని చూపిస్తుంది. 210 కాదు, 215 కాదు, సరిగ్గా 212. అంత కచ్చితంగా చెప్తుంటే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. కానీ అందులో మొదటి అంకె మీద కూడా పెద్ద భరోసా లేదు.

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల పరికరాలను 60 మంది చేతులకు పెట్టి నడిపించారు, పరుగెత్తించారు, సైకిలు తొక్కించారు. నాడి దగ్గర ఏడింట ఆరు 5 శాతం లోపు తేడాతో గట్టెక్కాయి. కేలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిట్లో మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. మరీ అధ్వాన్నమైనది 93 శాతం! 27 శాతమే అనుకున్నా, నిజంగా 200 ఖర్చయితే వాచీ 146 అనొచ్చు, 254 అనొచ్చు. అప్పటి మోడళ్లు పాతబడ్డాయి గానీ చిక్కు మాత్రం అలాగే ఉంది.

వాచీ వెనక మిణుకుమనే పచ్చలైటు చూసే ఉంటారు. రక్తం పచ్చటి వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరుగుతుంది, తిరిగొచ్చే వెలుగు ఆ మేరకు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడితే నాడి తెలిసిపోతుంది. కేలరీని అలా పట్టిచ్చే లైటేదీ లేదు. ల్యాబులో అయితే ముఖానికి మాస్కు బిగించి, ఒంట్లో ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో కొలుస్తారు. లీటరుకు సుమారు 5 కిలో కేలరీలు. (మనం మామూలుగా కేలరీ అనేది ఈ కిలో కేలరీనే.) వాచీకి ఆ సదుపాయం లేదు. నాడి, చేతి కదలిక, మీరిచ్చిన వయసు, బరువు, ఎత్తు తీసుకుని, ఎంతోమంది సగటు మీద కట్టిన సూత్రంలో వేస్తుంది. మీరు ఆ సగటు మనిషి అయితే అదృష్టమే.

పైగా గుండె వేగం పెరగడానికి వ్యాయామమే అక్కర్లేదు. కాఫీ చాలు, ఆఫీసు టెన్షన్ చాలు. మే నెలలో విజయవాడలో నడిస్తే ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి కూడా రక్తం తోడాలి. అందుకే డిసెంబరులో నడిచిన దారే అయినా నాడి ఎక్కువ చూపిస్తుంది, దాని వెంటే కేలరీలూ పెరుగుతాయి. ఖర్చయిన శక్తిలో మాత్రం అంత తేడా ఉండదు. సైకిలు మీద చేతులు హ్యాండిల్ వదలవు కాబట్టి కదలిక లెక్క పనికిరాదు. బరువులెత్తేటప్పుడు పిడికిలి బిగిస్తాం, మణికట్టు వంచుతాం, దాంతో నాడి కూడా సరిగా అందదు. ఛాతీకి కట్టే బెల్టు కొంటే నాడి మెరుగ్గా వస్తుంది గానీ, దాన్ని కేలరీలుగా మార్చేది మళ్లీ సూత్రమే.

ఇంకో మెలిక. 70 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా గంటకు దాదాపు 70 కేలరీలు ఖర్చవుతాయి. వాచీ చూపించేది 'మొత్తం' అంకె అయితే, ఆ నలభై నిమిషాల్లో 45కు పైగా సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యేవే. నడిచాం కదా అని బజ్జీలకు లెక్క కట్టేవాళ్లు చూడాల్సింది 'యాక్టివ్' అని విడిగా చూపించే అంకెను.