తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో కంప్యూటర్లు బిగించి ఇచ్చే పనిలో ఉన్నందువల్ల ఇంటర్, ఇంజనీరింగ్ చదివే పిల్లలూ వాళ్ల వెంట వచ్చే తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు నాకు దాదాపు కంఠతా వచ్చేశాయి. చాలామంది ముందుగా యూట్యూబ్ వీడియోలు చూసి, అందరూ సీటీసీ అని పిలిచే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రేట్లు కనుక్కుని, ఒక చీటీ పట్టుకుని వస్తారు. ఆ చీటీలో ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్లు అని ఉంటుంది. ప్రాసెసర్ ఏ తరానిది, మెమరీ ఏ రకానిది, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) ఏ కంపెనీది అన్న ముచ్చటే ఉండదు. తక్కువ బడ్జెట్‌లో డబ్బు వృథా అయ్యేది ఈ రాయని వివరాల దగ్గరే.

అపోహ: ఐ7 ఎప్పుడైనా ఐ3 కంటే మేలు.

వాస్తవం: ఇంటెల్ ఐ3, ఐ5, ఐ7 అనే పేర్లు ఒకే తరంలోని ప్రాసెసర్లను పోల్చడానికి మాత్రమే పనికివస్తాయి. 2011లో వచ్చిన రెండో తరం ఐ7-2600లోనూ, 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ3-12100లోనూ నాలుగేసి కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిదేసి థ్రెడ్లే (ఒకేసారి నడవగల పనులు) ఉన్నాయి. అయితే ఒక్కో కోరు చేసే పనిలో కొత్త ఐ3 పాత ఐ7కు దాదాపు రెట్టింపు వేగంగా ఉంటుంది. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్లకు రంగుల లైట్ల ఫ్యాన్లు తగిలించి గేమింగ్ పీసీ పేరుతో అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. వాటిని కొన్నవారే కొద్ది రోజులకు "అన్నా, ఐ7 ఉంది గద, గేమ్ ఎందుకు ఆగి ఆగి నడుస్తున్నది?" అని వస్తారు. వేగం ఒక్కటే సమస్య కాదు. ఆ తరం ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే సూచనల సమితి (ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల జాబితా) లేనందువల్ల కొన్ని కొత్త గేములు అసలు తెరుచుకోవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది; విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. మన పిల్లలు ఎక్కువగా ఆడే వాలరెంట్ అయితే విండోస్ 11 మీద టీపీఎం 2.0 (తాళాలు దాచే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టే ఏర్పాటు) రెండూ లేనిదే నడవదు. పైగా ఆఫీసుల సన్న కేబినెట్లలో మామూలు ఎత్తున్న గ్రాఫిక్స్ కార్డు పట్టదు, లోపలి ఎస్‌ఎంపీఎస్ కూడా ఆ మోడల్‌కే ప్రత్యేకంగా చేసినది కాబట్టి దాన్ని మార్చడం కష్టం.

ప్రాసెసర్ పేరు చివరి అక్షరాన్ని కూడా చూసుకోవాలి. ఐ3-12100ఎఫ్ కొంచెం చౌకగా వస్తుంది కానీ అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెట్టనిదే తెర వెలగదు. కార్డు పెట్టిన తరువాత కూడా మానిటర్ కేబుల్‌ను అలవాటు కొద్దీ మదర్‌బోర్డుకు గుచ్చి, కంప్యూటర్ చెడిపోయిందని దేవరకొండ నుంచి బస్సులో మోసుకొచ్చినవారున్నారు.

అపోహ: గ్రాఫిక్స్ కార్డులో ఎన్ని జీబీలుంటే గేమ్ అంత బాగా నడుస్తుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ అపోహే. జీబీలు మెమరీ ఎంత పెద్దదో చెబుతాయి తప్ప, దానిలోంచి సమాచారం ఎంత వేగంగా వస్తుందో, దాన్ని అందుకుని పని చేసే చిప్ ఎంత బలమైనదో చెప్పవు. చెరువు ఎంత పెద్దదైనా తూము సన్నగా ఉంటే ఆయకట్టుకు నీరందదు. 64 బిట్ వెడల్పు దారి ఉన్న, డీడీఆర్3 అనే పాత రకం మెమరీతో వచ్చే జీటీ 730 కార్డు మీద 4 జీబీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. జీటీఎక్స్ 1650 మీదా 4 జీబీ అనే ఉంటుంది. మొదటిది సెకనుకు 14 జీబీకి కాస్త పైన సమాచారాన్ని కదిలిస్తే, జీడీడీఆర్5 అనే వేగమైన మెమరీ ఉన్న రెండోది 128 జీబీ కదిలిస్తుంది. చిప్‌లోని కోర్లు మొదటిదానిలో 384, రెండోదానిలో 896. ఈ తేడా తెలియక 4 జీబీ అన్న ఒక్క మాట మీద మొదటిదాన్ని కొన్నవారికి, తెర మీద సినిమా చూడడానికి తప్ప అది మరెందుకూ అక్కరకు రాదు.

పేరు ఒకటే అయి సరుకు వేరుగా ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 2022లో వచ్చిన 8 జీబీ కార్డులో 2560 కోర్లు, 128 బిట్ బస్సు (మెమరీ నుంచి చిప్‌కు సమాచారం వచ్చే దారి) ఉండగా, 2024లో అదే పేరుతో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ బస్సు మాత్రమే ఉన్నాయి. రెండోది 70 వాట్లతోనే పని చేస్తుంది కాబట్టి పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారికి అది సరైన ఎంపికే కావచ్చు. మొదటిదాని వీడియో చూసి రెండోదాన్ని కొనడమే పొరపాటు. అలాగే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మదర్‌బోర్డుతో నాలుగు లేన్ల (సమాచారం నడిచే దారుల) ద్వారానే మాట్లాడుతుంది. బోర్డులో కార్డు గుచ్చే పీసీఐఈ స్లాట్ 4.0 రకానిది అయితే నెట్టుకొస్తుంది గానీ, బీ450, ఏ520 వంటి 3.0 బోర్డులో పెడితే ఆ దారి సగానికి తగ్గి, మెమరీ నిండిన చోటల్లా గేమ్ తడబడుతుంది. నా లెక్కన మొత్తం బడ్జెట్‌లో మూడో వంతుకు తగ్గకుండా గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించి, మిగిలినదాన్ని దాని చుట్టూ సర్దుకోవాలి.

అపోహ: కేబినెట్‌తో పాటు వచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది.

వాస్తవం: ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టికను తిప్పి చదవండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల లైను మీదే ఆధారపడతాయి. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఒకదాని పట్టికలో 450 వాట్లు అని లావుగా అచ్చయి ఉండగా, దాని కిందే 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు అని ఉంది. 12ను 14తో గుణిస్తే 168 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు తీసుకుంటుంది, ఐ3-12100 పూర్తి వేగంలో 89 వాట్ల దాకా వెళ్తుంది. రెండూ కలిస్తే 221. ఆటలో పేలుడు దృశ్యం రాగానే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ కావడానికి చాలాసార్లు కారణం ఇదే. దీనికి విరుగుడుగా 750 వాట్లు కొననవసరం లేదు. 12 వోల్టుల మీద దాదాపు పూర్తి సామర్థ్యాన్ని ఇచ్చే నాణ్యమైన 450 లేదా 500 వాట్లది చాలు. 80 ప్లస్ ముద్ర, కరెంటును ఎంత తక్కువ వృథాతో మారుస్తుందో చెప్పేదే తప్ప లోపలి రక్షణ ఏర్పాట్లకు హామీ కాదు.

అపోహ: ముందు అద్దం, రంగుల ఫ్యాన్లు ఉన్న కేబినెట్ గేమింగ్‌కు మంచిది.

వాస్తవం: మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే జిల్లాలో గాలి లోపలికి పోయే దారిని అద్దంతో మూసేయడం తెలివైన పని కాదు. ముందు భాగం జాలీగా ఉండి, వెనుక ఒకటి, ముందు రెండు ఫ్యాన్లున్న సాదా కేబినెట్ తీసుకోండి. లైట్లు లేకపోతే నష్టమేమీ లేదు. జాలీకి దుమ్ము వడకట్టే పొర కూడా ఉండాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్క వీధి నుంచి వచ్చిన ఒక కంప్యూటర్‌లో కూలర్ ఫ్యాను ఊడదీస్తే, హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె) రేకుల నడుమ ఊక ధూళి నూనెజిడ్డుతో కలిసి మందమైన గుడ్డలాగా ఒకే ముక్కగా లేచి వచ్చింది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆ ఇంటివారు మాత్రం ర్యామ్ పెంచాలని వచ్చారు.

అపోహ: 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కయినా రెండయినా ఒకటే.

వాస్తవం: కాదు. 8 జీబీవి రెండు పెడితే మెమరీ దారి రెట్టింపవుతుంది. విడి కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌తో ఆడేవారికి ఈ తేడా తెర మీదే కనిపిస్తుంది, ఎందుకంటే దాని గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగును ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ తక్కువ వేగంలోనే పడి ఉంటుందన్నది మరచిపోవద్దు.

అపోహ: ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన నిల్వ పరికరం) వేస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద వచ్చే ఫ్రేముల సంఖ్య) పెరుగుతుంది.

వాస్తవం: గేమ్ త్వరగా తెరుచుకుంటుంది, అంతే. అయినా హార్డ్ డిస్క్ మీద విండోస్ వేయవద్దనే చెబుతాను.

అపోహ: మైనింగ్‌లో (కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించే పనిలో) వాడిన సెకండ్ హ్యాండ్ కార్డు అంటేనే పనికిరానిది.

వాస్తవం: 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ అనే డిజిటల్ నాణెం గ్రాఫిక్స్ కార్డులు అవసరం లేని పద్ధతికి మారాక అలాంటి కార్డులు పెద్ద ఎత్తున మార్కెట్‌లోకి వచ్చాయి. ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు (చిప్‌ల వేడిని బయటికి పంపే మెత్తని పొరలు) మార్చితే చాలా కార్డులు బాగానే పని చేస్తాయి. భయపడవలసింది నకిలీల గురించి: పాత కార్డులోని బయాస్ (కార్డు సొంత ప్రోగ్రామ్) మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని చూపించేవి ఉన్నాయి. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే చాలావరకు అవి నకిలీవని పేరు పక్కనే చూపిస్తుంది. డబ్బు ఇచ్చేముందే, అమ్మేవారి ఎదుటే అరగంట గేమ్ నడిపి చూడాలి.

అపోహ: 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు.

వాస్తవం: కాదు, వీఏ (వోల్టు-ఆంపియర్లు) వేరు, వాట్లు వేరు. అలాంటి చాలా యూపీఎస్‌ల వెనుక చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్, మానిటర్ కలిసి ఆడేటప్పుడు ఆ హద్దుకు దగ్గరగా పోతే, కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. 1000 వీఏ తరగతిది తీసుకోవడం మేలు. కేబినెట్‌ను తాకితే చేతికి సన్నగా జిల్లుమంటే అది సాధారణంగా కంప్యూటర్ లోపం కాదు, ఆ ఇంటి ప్లగ్గుకు ఎర్తింగ్ లేకపోవడం. కొత్త కంప్యూటర్ తీసుకెళ్లేలోపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడో పిన్ను నిజంగా భూమికి కలిసిందో లేదో చూపించుకోవాలి.