ఆటగాడి తప్పులు, గ్యాలరీ తీర్పులు: కొన్ని అపోహలు

అనంతపురంలో పిల్లలకు క్రికెట్ నేర్పుతుంటాను. నెట్స్ పక్కన చెట్టు కింద కూర్చునే తండ్రులకు కవర్ డ్రైవ్ కంటే ఆటగాళ్ల కాపురాల మీదే ఆసక్తి ఎక్కువ. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: తప్పు చేసినవాడిని జనం క్షమించరు.

వాస్తవం: పరుగులు చేస్తే క్షమిస్తారు. ఆస్ట్రేలియా ఓపెనర్ డేవిడ్ వార్నర్‌నే చూడండి. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఉప్పుకాగితంతో బంతిని గరుకు చేయబోయిన వ్యవహారంలో ఏడాది నిషేధం పడింది. ఆ ఏడాది ఐపీఎల్ కూడా పోయింది. 2019లో తిరిగొచ్చి సన్‌రైజర్స్‌కు 692 పరుగులు చేశాడు. లాక్‌డౌన్‌లో తెలుగు పాటలకు స్టెప్పులేసేసరికి మనందరి ఇంటి అల్లుడైపోయాడు! శిక్ష అనుభవించి వచ్చాడు, నాకూ కోపం లేదు. కానీ అదే వ్యవహారంలో తొమ్మిది నెలల నిషేధం పడిన బాన్‌క్రాఫ్ట్ ఎవరని అడిగితే మా చెట్టు కింద ఒక్కరూ చెప్పలేకపోయారు. పాపం, అతన్ని క్షమించాలన్నా ముందు గుర్తుండాలి కదా.

అపోహ: "ఆ అమ్మాయి వచ్చాకే ఆట పోయింది సార్."

వాస్తవం: 2015 ప్రపంచకప్ సెమీఫైనల్లో కోహ్లి ఒక్క పరుగుకే అవుటయ్యాడు. తిట్లన్నీ గ్యాలరీలో ఉన్న అనుష్క శర్మకు పడ్డాయి. బంతి వేసింది మిచెల్ జాన్సన్. పుల్ షాట్ సరిగ్గా తగలక బంతి గాల్లోకి లేచింది, కీపర్ హాడిన్ పట్టుకున్నాడు. మా అండర్-14 పిల్లలూ రోజుకు నాలుగుసార్లు అలాగే అవుటవుతారు, వాళ్లకింకా పెళ్లిళ్లు కాలేదు.

అపోహ: బోర్డు నిషేధిస్తే ఇక తిరుగులేదు.

వాస్తవం: మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో 2000లో విధించిన జీవితకాల నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అప్పటికి వయసు మించిపోయింది. 99 టెస్టులు 99గానే మిగిలాయి.

అపోహ: టికెట్ కొన్నాం, గేలి చేసే హక్కుంది.

వాస్తవం: ఆటను విమర్శించండి, అడ్డెవరు? 2024 ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యా ఏ నేరమూ చేయలేదు. రోహిత్ స్థానంలో ముంబై కెప్టెన్ అయ్యాడు, అంతే. సొంత వాంఖడేలోనే గేలి చేశారు. జూన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి గెలిపించాక అదే మైదానంలో అతని పేరే మారుమోగింది. హద్దు తాడు దగ్గర నిలబడ్డవాడికి గ్యాలరీలో మాటలు వినపడవనుకోవద్దు. తల్లి పేరు, భార్య పేరు ఎత్తితే అవీ వినిపిస్తాయి.

మా నెట్స్‌లో తోటివాడి ఇంటి సంగతి ఎత్తినవాడికి ఆ రోజు బ్యాటింగ్ ఉండదు. చెట్టు కింది తండ్రులకు మాత్రం ఇంకా ఏ నియమమూ పెట్టలేకపోయాను.