బోటు బ్యాటరీ ఛార్జింగ్: అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ 15న సముద్రంలో వేట నిషేధం మొదలవుతుంది, నాకు తీరిక పోతుంది. జూన్ 14 దాకా ఆ 61 రోజులూ బోట్లకు విశ్రాంతి, నెల్లూరు తీరంలో బోట్ల కరెంటు పని చేసే మాకు పంటకాలం. జువ్వలదిన్నెలో అయినా కృష్ణపట్నంలో అయినా మొదట వినిపించే మాట ఒక్కటే: "అన్నా, బ్యాటరీ పోయింది, ఇంకా పెద్దది వేయి." చూస్తే చాలాసార్లు బ్యాటరీ తప్పేమీ ఉండదు. దానికి తిండి అందలేదు, అంతే.

అపోహ: పెద్ద డైనమో బిగిస్తే ఛార్జింగ్ బాగా ఎక్కుతుంది.

కిందటి నిషేధంలో ఒక బోటు యజమాని అప్పటికే డైనమో మార్చి, ఫలితం లేక నన్ను పిలిచారు. ఇంజిన్ తిప్పించి మీటరు పెట్టాను. డైనమో దగ్గర 14.2 వోల్టులు, క్యాబిన్ వెనక ఉన్న బ్యాటరీ దగ్గర 13.2. మధ్యలో ఒక వోల్టును వైరు తినేసింది. లెక్క కష్టమేమీ కాదు. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పోను ఆరు మీటర్లు, రాను ఆరు మీటర్లు, 50 ఆంపియర్లు పారుతుంటే దాదాపు ఒక వోల్టు వైరులోనే వేడిగా పోతుంది. అదే 35 చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది 0.3 వోల్టులే. కరెంటు తగ్గేకొద్దీ ఈ నష్టమూ తగ్గుతుంది, నిజమే. కానీ అంతసేపు ఇంజిన్ తిరగాలి కదా!

వైరు చివర బిగించే లగ్గు ఊడదీస్తే పచ్చటి పొడి రాలింది. వైరు తొడుగు కోసి చూశాను. జానెడు లోపలి దాకా రాగి నల్లబడిపోయి ఉంది. ఉప్పుగాలి వైరు లోపలికి అలాగే పాకుతుంది. అందుకే బోటుకు తగరం పూత ఉన్న రాగి వైరే వేయాలి. ఇళ్లకు వేసే వైరు చవకే, రెండు మూడేళ్లకు అసలు ధర తెలుస్తుంది. ఇంకొకటి: వైరు లావు పెంచినప్పుడు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. లావు వైరు షార్టయితే కాలేది వైరు ఒక్కటే కాదు, బోటు.

అపోహ: గంటసేపు ఇంజిన్ తిప్పితే బ్యాటరీ నిండుతుంది.

పండుగ ముందు నెల్లూరు బస్టాండులో బస్సు ఎక్కడం చూశారుగా. మొదటి నలభై మంది రెండు నిమిషాల్లో కూర్చుంటారు, చివరి పదిమంది దూరడానికి పావుగంట పడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా అంతే. ఎనభై శాతం దాకా గబగబా తీసుకుంటుంది, ఆ చివరి ఇరవై శాతానికి గంటలు పడుతుంది. ఎంత పెద్ద డైనమో పెట్టినా ఆ గంటలు తగ్గవు. రోజూ ఎనభై దగ్గరే ఆపేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేటు పొర గట్టిపడి బ్యాటరీ పాడవుతుంది. ఇక్కడ ఉపయోగపడేది సోలార్ ప్యానెల్. 100 వాట్ల ప్యానెల్, ఛార్జింగ్‌ను అదుపు చేసే మంచి కంట్రోలర్ ఉంటే మన ఎండకు రోజుకు 25 నుంచి 30 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్) ఇస్తుంది. కొద్దికొద్దిగా, రోజంతా. ఆ చివరి ఇరవై శాతానికి కావలసింది సరిగ్గా అదే.

అపోహ: లిథియం వేస్తే అన్ని సమస్యలూ తీరతాయి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచి సరుకే. కానీ అది ఎంత ఇస్తే అంతా తాగేస్తుంది. మామూలు డైనమో ఇంజిన్ గది వేడిలో గంటల తరబడి పూర్తి బరువు మోయలేదు, చుట్లు కాలిపోతాయి. పైగా బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ ఉన్నట్టుండి లైను తెంచితే వోల్టేజి ఎగిసి డైనమో డయోడ్లు పోతాయి. అందుకే డైనమోను స్టార్టింగ్ లెడ్ బ్యాటరీకే ఉంచి, అక్కడి నుంచి కరెంటును హద్దులో పెట్టి పంపే డీసీ టు డీసీ ఛార్జర్ ద్వారా లిథియంకు ఇవ్వాలి. వోల్టేజి చూసి ఎంత నిండిందో చెప్పడమూ కుదరదు. సగం దాటినా, బాగా నిండినా మీటరు ఇంచుమించు అదే 13 చిల్లర చూపిస్తుంది. ఆంపియర్లు లెక్కపెట్టే షంట్ మీటరు తప్పదు.

తెరచాప పడవలో ఇంజిన్ హార్బరు దాటే దాకానే తిరుగుతుంది, కాబట్టి తొందరగా తాగే బ్యాటరీ వాళ్లకు వరం. మన మరబోటులో ఇంజిన్ గంటలకొద్దీ తిరుగుతూనే ఉంటుంది. నన్నడిగితే ఆ డబ్బు ముందు వైర్లకు పెట్టండి.

అపోహ: సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుంది.

ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు. ఎక్కడ పెట్టినా తనంతట తానే కొంత దిగుతుంది, ఎండలో ఇంకా త్వరగా. నిషేధం రోజుల్లో నెగటివ్ వైరు తీసి, నెలకోసారి ఛార్జింగ్ పెడితే చాలు.

అపోహ: లెడ్ బ్యాటరీ ఛార్జింగ్ 14.4 వోల్టులకు పెడితే ఏ కాలానికైనా సరిపోతుంది.

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, బ్యాటరీ ఎంత? 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.024 వోల్టు తగ్గించాలి. బ్యాటరీ 45 డిగ్రీల వేడిలో ఉంటే 13.9 చాలు. ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్న రెగ్యులేటర్ ఈ పని తనే చూసుకుంటుంది. లేకపోతే బ్యాటరీలో నీళ్లు గ్యాసై పోతాయి. పోయినవాటి బదులు డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ కాదు.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకి, ఆగకపోతే డైనమో మంచిదని తేల్చే అలవాటు ఇంకా పోలేదు. ఒక బోటులో నేను వెళ్లేసరికే ఆ పరీక్ష అయిపోయింది. వోల్టేజి ఎగిసి జీపీఎస్, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ రెండూ కాలిపోయాయి. డైనమో మాత్రం మంచిదేనని తేలింది.