యు-505ను మునగనివ్వలేదు

1944 జూన్ 4, పొద్దున పదకొండు దాటింది. పశ్చిమ ఆఫ్రికా తీరానికి దూరంగా, అట్లాంటిక్‌లో ఆరు అమెరికన్ యుద్ధనౌకలు కాసాబ్లాంకా దారి పట్టాయి. రోజుల తరబడి వెతికినా జర్మన్ సబ్‌మెరైన్ జాడ లేదు, ఇంధనం చూస్తే అడుగంటుతోంది. ఇక లాభం లేదనుకున్న సమయంలో చాటెలెయిన్ అనే నౌక సోనార్‌కి, అంటే నీటి కింద ఉన్నవాటిని శబ్దంతో పసిగట్టే పరికరానికి, ఏదో తగిలింది. అది కిలోమీటరు దూరం కూడా లేదు. పైన ఎగురుతున్న వైల్డ్‌క్యాట్ విమానాల పైలట్లకు నీళ్లలో కదిలే నీడ కనిపించింది. అది ఎక్కడుందో కింద ఉన్నవాళ్లకు తెలిసేలా అక్కడే నీళ్లలోకి తుపాకులు పేల్చారు. నీటి లోతున పేలే బాంబులు, డెప్త్ చార్జీలు, పడ్డాయి. ఏడు నిమిషాలు తిరక్కముందే జర్మన్ సబ్‌మెరైన్ యు-505 పైకి తేలింది.

మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసేది. పైకి తేలిన సబ్‌మెరైన్‌ను ఫిరంగులతో ముంచేయడమే అప్పటి పద్ధతి. కానీ ఈ దళాన్ని నడిపిస్తున్న కెప్టెన్ డేనియల్ గ్యాలరీ మనసులో వేరే ఆలోచన ఉంది. అంతకు రెండు నెలల ముందు ఆయన దళం యు-515 అనే మరో జర్మన్ సబ్‌మెరైన్‌ను ముంచింది. పైకి వచ్చాక కూడా అది కాసేపు తేలుతూనే ఉండటం ఆయన గమనించాడు. ఆ కాసేపట్లో లోపలికి దూకితే? ఈసారి బయల్దేరేముందే, ప్రతి నౌకలోనూ అందుకు ఒక బృందాన్ని సిద్ధం చేసుకోమని ఆదేశించాడు.

యు-505 దురదృష్టం అంతకుముందు నుంచే ఉంది. హాంబర్గ్‌లో కట్టిన ఈ 77 మీటర్ల పడవ 1941 ఆగస్టులో నౌకాదళంలో చేరింది. మొదటి ఏడాది బాగానే వేటాడింది. 1942 నవంబరులో ట్రినిడాడ్ దగ్గర ఒక బ్రిటిష్ హడ్సన్ విమానం మరీ కిందికి దిగి బాంబులు వేసింది. ఆ పేలుడుకి విమానమే ముక్కలైంది, సబ్‌మెరైన్ పైభాగం చిల్లులు పడింది. ఎలాగో ఫ్రాన్స్‌లోని లోరియాన్ రేవుకి చేరింది. ఆ తర్వాత చాలాకాలం బయల్దేరడం, ఏదో ఒకటి చెడిపోయి తిరిగి రావడం. రేవులో పనిచేసే ఫ్రెంచి కార్మికులు కావాలనే పాడుచేసిన సందర్భాలూ ఉన్నాయి. 1943 అక్టోబరులో, తల మీద డెప్త్ చార్జీలు పేలుతుండగా కమాండర్ పీటర్ షెక్ తన సిబ్బంది మధ్యే పిస్తోలుతో కాల్చుకుని చనిపోయాడు.

మళ్లీ జూన్ 4కి వద్దాం. చుక్కాని బిగుసుకుపోయింది. పడవ మునిగిపోతోందనుకున్న కొత్త కమాండర్ హరాల్డ్ లాంగె అందరినీ నీళ్లలోకి దూకమన్నాడు. మోటార్లు మాత్రం ఆగలేదు. మనిషి లేని సబ్‌మెరైన్ గంటకు పది పన్నెండు కిలోమీటర్ల వేగంతో గుండ్రంగా తిరుగుతోంది. పిల్స్‌బరీ నౌక నుంచి దిగిన చిన్న పడవ ఆ వలయానికి అడ్డంగా వెళ్లి దాన్ని అందుకుంది. లెఫ్టినెంట్ ఆల్బర్ట్ డేవిడ్, ఆయన వెంట మరికొందరు లోపలికి దిగారు. లోపల శత్రువులున్నారో, పేలడానికి సిద్ధంగా ఉన్న మందుపాతర ఉందో వాళ్లకు తెలియదు. పేలుడు మందుకి కలిపిన తీగలు పీకేశారు. జెనాన్ లుకోసియస్ అనే నావికుడికి నీళ్లు ఎగజిమ్ముతున్న రంధ్రం కనిపించింది. సముద్రపు నీటిని వడకట్టే గొట్టం మూతను జర్మన్లు తీసేసి వెళ్లారు. అదృష్టం ఏమిటంటే ఆ మూత పక్కనే పడి ఉంది. దాన్ని బిగించాడు.

నాకు మాత్రం ఆ దూకుడు కన్నా తర్వాత జరిగిన ఇంజినీరింగే గొప్పగా కనిపిస్తుంది. గ్వాడల్‌కెనాల్ అనే చిన్న విమానవాహక నౌక చీఫ్ ఇంజినీరు ఎర్ల్ ట్రోసినో అంతకుముందు ఎప్పుడూ సబ్‌మెరైన్‌లో పనిచేసినవాడు కాదు. నూనె కలిసిన మురికి నీళ్లలో పాకుతూ ఏ గొట్టం ఎక్కడికి పోతోందో చేత్తో తడిమి తెలుసుకున్నాడు. వెనక భాగం నీళ్లతో బరువెక్కి కుంగిపోతోంది. నీళ్లు తోడాలంటే పంపులు తిరగాలి, పంపులకు కరెంటు కావాలి, బ్యాటరీలేమో ఖాళీ.

ఆ కాలపు సబ్‌మెరైన్ నీటి పైన డీజిల్ ఇంజిన్లతో నడుస్తుంది, నీటి కింద బ్యాటరీలతో. రెండూ ఒకే ఇరుసు మీదుగా ప్రొపెల్లర్‌ను తిప్పుతాయి. డీజిల్ ఇంజిన్‌కి గాలి కావాలి కాబట్టి మునిగినప్పుడు దాన్ని విడదీసి, ఎలక్ట్రిక్ మోటారుతో పని కానిస్తారు. అదే మోటారును బయటి శక్తి తిప్పితే అది జనరేటరు అవుతుంది. ట్రోసినో పట్టుకున్న కిటుకు ఇదే. డీజిల్ ఇంజిన్లను ఇరుసు నుంచి విడదీసి, సబ్‌మెరైన్‌ను తాడు కట్టి లాగుతున్న గ్వాడల్‌కెనాల్‌ను ఇంకాస్త వేగంగా లాగమన్నాడు. నీటి ఒరవడికి ప్రొపెల్లర్లు తిరిగాయి, వాటితో మోటార్లు తిరిగాయి, బ్యాటరీలు నిండాయి. దాని పంపులతోనే దాని నీళ్లు తోడేశారు. విశాఖ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసురా కూడా డీజిల్-ఎలక్ట్రిక్ సబ్‌మెరైనే. అందులో వంగి వంగి నడిచినవాళ్లకు, ఆ ఇరుకులో, నీళ్లలో, ఎప్పుడు మునిగిపోతుందో అన్నట్టు ఊగే పడవలో ఈ పని ఎలాంటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

1815 తర్వాత సముద్రం మీద శత్రు యుద్ధనౌకను అమెరికన్ నేవీ పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆ పడవలో సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రాలు, వాడకంలో ఉన్న కోడ్ పుస్తకాలు, శబ్దాన్ని బట్టి నౌకను వెతుక్కుంటూ పోయే టార్పెడోలు దొరికాయి. ఇంత చేసినా నేవీ అధిపతి అడ్మిరల్ కింగ్‌కి గ్యాలరీని కోర్టు మార్షల్ చేయాలన్నంత కోపం వచ్చిందంటారు. ఆ కోపం సబబే. మిత్రదేశాలు జర్మన్ రహస్య సందేశాలను అప్పటికే చదివేస్తున్నాయి. పడవ పట్టుబడిందని బెర్లిన్‌కి పొక్కితే కోడ్‌లన్నీ మార్చేసేవారు. అదీ మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన నార్మండీ దాడికి రెండే రోజుల ముందు! అందుకే సుమారు 3,000 మంది అమెరికన్ నావికులు నోరు కట్టేసుకున్నారు. బెర్ముడాకి లాక్కెళ్లిన సబ్‌మెరైన్‌కి నీమో అని మారుపేరు పెట్టారు. 59 మంది జర్మన్ సిబ్బందిలో ప్రాణాలతో మిగిలిన 58 మందిని లూసియానాలోని రస్టన్ శిబిరంలో విడిగా ఉంచారు. వాళ్లు బతికున్నట్టు రెడ్‌క్రాస్‌కి కూడా చెప్పలేదు. జర్మనీలోని వాళ్ల ఇళ్లవాళ్లు వీళ్లు చనిపోయారనే అనుకున్నారు. గుట్టు దాగింది నిజమే, కానీ ఆ తల్లులూ భార్యలూ ఏం చేశారని ఆ శిక్ష!

యుద్ధం అయ్యాక అమెరికాలోని పోర్ట్స్‌మత్ రేవులో తుప్పు పడుతున్న యు-505ను గురి చూసి కాల్చే సాధనకు వాడి ముంచేద్దామనుకున్నారు. గ్యాలరీ తన సొంత ఊరు షికాగోలో ఉన్న తమ్ముడికి, చర్చి ఫాదర్‌కి, సంగతి చెప్పాడు. ఆయన అక్కడి సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం తలుపు తట్టాడు. ఊరివాళ్లు రెండున్నర లక్షల డాలర్లు పోగుచేశారు. 1954లో సెయింట్ లారెన్స్ నది, మహా సరస్సుల మీదుగా లాక్కొచ్చి, సెప్టెంబరులో ఒక రాత్రి లేక్ షోర్ డ్రైవ్ రోడ్డు మూసి అవతల ఉన్న మ్యూజియానికి చేర్చారు. యాభై ఏళ్లు ఎండకీ మంచుకీ ఆరుబయటే ఉన్న దాన్ని 2004లో నేల కింద కట్టిన హాల్లోకి దించారు.

మ్యూజియానికి వచ్చేసరికి లోపల చాలా భాగాలు లేవు, పరిశోధన కోసం ఎప్పుడో పీకేశారు. విడిభాగాలు ఇవ్వగలరా అని వాటిని మొదట తయారుచేసిన జర్మన్ కంపెనీలకే మ్యూజియం ఉత్తరాలు రాసింది. ఓడిపోయిన దేశం, తమ పడవ, గెలిచినవాళ్ల ఊళ్లో ప్రదర్శన. అయినా ఆ కంపెనీలు డబ్బు అడక్కుండా పంపించాయి. తమ సబ్‌మెరైన్ పరాయి దేశంలో ఉండిపోవడం బాధే కానీ, ఉన్నన్నాళ్లూ జర్మన్ పనితనానికి మాట రాకూడదన్నది వాళ్ల పట్టుదల.