ఊడ దిగాక కాయ ఏం తింటుంది?

పైరు చూస్తే కళ్లు చల్లబడతాయి, పీకి చూస్తే సగం కాయలు లొట్టలు, లోపల గింజే ఉండదు. ఇలా ఎందుకవుతుంది? పుంగనూరు, పలమనేరు వైపు ఎర్రనేలల్లో చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసేవాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఇది. దిష్టి తగిలిందని చేని గట్టున బూడిద గుమ్మడికాయ కట్టేవాళ్లున్నారు. బలం చాల్లేదని ఇంకో బస్తా యూరియా చల్లేవాళ్లూ ఉన్నారు. గుమ్మడికాయతో పోయేదేమీ లేదు గానీ యూరియాతో పోతుంది. ఆకు మరింత ఏపుగా పెరుగుతుంది, కాయ మాత్రం అలాగే లొట్టగా ఉంటుంది. అసలు సంగతి నేల పైపొరలో, మూడంగుళాల లోపల జరుగుతోంది.

విత్తన శుద్ధి, సాళ్ల దూరం, ఆకుమచ్చకు మందు ఇవన్నీ ఏ కరపత్రంలో చూసినా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. ఊడ దగ్గరికే వెళ్దాం.

విత్తిన 25-30 రోజులకు పసుపు పూలు మొదలవుతాయి. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది. అప్పటికే దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదే పడి ఉంటుంది. ఎండెక్కేసరికి వాడిపోతుంది. వారం లోపే ఆ వాడిన పువ్వు అడుగు నుంచి ఊదారంగు కాడ ఒకటి మొనదేలి బయటికొస్తుంది. అదే ఊడ. చూడ్డానికి వేరులా ఉన్నా, అది కొనలో అండాశయాన్ని మోసుకుంటూ కిందికి దిగే కాడ. కొనకు కాస్త వెనకున్న కణాలు విభజన చెందుతూ కొనను నేలవైపు నెడుతుంటాయి. లోపలి పిండం కొద్దిసార్లు విభజన చెంది ఆగిపోయి ఉంటుంది, వెలుతురు తగులుతున్నంత కాలం ముందుకు కదలదు. ఊడ ఒకటి నుంచి మూడంగుళాలు మట్టిలోకి దిగి, చీకటీ మట్టి ఒత్తిడీ తగిలాక నిలువు ప్రయాణం మానేసి అడ్డం తిరుగుతుంది. అప్పుడే కాయ ఊరడం మొదలవుతుంది.

కొమ్మల పైభాగంలో పూసిన పూల ఊడలు నేలను అందుకోలేక గాల్లోనే ఎండిపోతాయి. పది పూలకు రెండు కాయలు నిలిచాయంటే పంట బాగున్నట్టే. పై ఊడలు కూడా దిగుతాయని కొన్నిచోట్ల పైరు మీద ఖాళీ డ్రమ్ము దొర్లిస్తారు. దిగితే దిగుతాయి, కానీ 105 రోజుల పంటలో 70వ రోజున నేల తాకిన ఊడకు ముదిరే వ్యవధి ఎక్కడిది? డ్రమ్ము కింద విరిగిన కొమ్మలు అదనపు నష్టం.

ఇప్పుడు అసలు విషయం. మొక్కలో సరుకు నడిచే దారులు రెండు. దారువు వేళ్ల నుంచి నీటినీ అందులో కరిగిన ఖనిజాలనూ పైకి తెస్తుంది. పోషక కణజాలం ఆకులో తయారైన చక్కెరను కావలసిన చోటికి చేరుస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ రెండు దారుల్లోనూ నడుస్తాయి. కాల్షియం మాత్రం దాదాపు దారువులోనే నడుస్తుంది, ఒకసారి ఆకులో దిగిందంటే అక్కడే ఉండిపోతుంది. దారువులో నీరు ఎటు పోతుంది? ఎక్కడ ఆవిరవుతోందో అటు పోతుంది. ఆకు పొద్దంతా నీటిని ఆవిరి చేస్తుంది కాబట్టి కాల్షియం అంతా ఆకుకే చేరుతుంది. తడిమట్టిలో, చీకట్లో ఉన్న కాయ నుంచి ఆవిరయ్యేది ఏమీ లేదు. కాబట్టి వేళ్లు తాగిన కాల్షియం కాయవైపు తిరిగి చూడదు.

తిరుపతిలో గది తీసుకుని చదువుకునే పిల్లవాణ్ణి తలచుకోండి. ఊరి నుంచి నెలనెలా డబ్బులొస్తాయి, బియ్యం మూట వస్తుంది. నీళ్లు మాత్రం ఉన్నచోటే పట్టుకోవాలి. ఊళ్లో బావి నిండుగా ఉన్నా ఇక్కడి కొళాయి ఎండిందంటే అతనికి దాహమే. కాయకు చక్కెర, నత్రజని తల్లి మొక్క పంపుతుంది. కాల్షియాన్ని మాత్రం కాయ తన డొల్ల (గింజ చుట్టూ ఉండే పెంకు) గుండా, చుట్టూ ఉన్న మట్టి తడి నుంచి తానే పీల్చుకోవాలి. 1949లో అమెరికాలో రేడియోధార్మిక కాల్షియంతో ఈ సంగతి పరీక్షించి చూశారు. వేళ్లకు అందించిన కాల్షియం ఆకుల్లోకి వెళ్లింది, కాయకు చేరింది బహు కొద్ది. ఊడలు దిగిన మట్టిలో పెట్టిన కాల్షియం నేరుగా కాయలోకి వెళ్లింది.

కణాల గోడలను అతికించి ఉంచేదీ, పొరలను కారకుండా కాపాడేదీ కాల్షియమే. అది అందకపోతే డొల్ల మాత్రం తయారవుతుంది, లోపలి గింజ మధ్యలోనే చచ్చిపోతుంది. బయటికి చక్కటి కాయ, నొక్కితే గాలి.

దీన్నిబట్టి ఇంకో చిక్కు కూడా తెలుస్తుంది. కాల్షియం మట్టిలో ఉంటే చాలదు, తడిలో కరిగి ఉండాలి. వేళ్లు రెండు మూడడుగుల లోతు తడితో మొక్కను పచ్చగా నిలబెడతాయి. అదే సమయంలో పైన మూడంగుళాల మట్టి పొడి దుమ్ములా ఉంటే కాయ పస్తే. ఆగస్టు, సెప్టెంబరుల్లో రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే మెట్ట చేలల్లో జరిగేది ఇదే. పైరు వాడలేదు కదా, తడి ఎందుకని ఆగేవాళ్లు నష్టపోతారు. కాయకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం ఊడ మట్టిలో దిగిన తొలి ఐదు వారాల్లోనే అందాలి. తర్వాత ఎంత తడి పెట్టినా లొట్ట కాయలో గింజ పుట్టదు.

అందుకే జిప్సం, కాల్షియం ఇచ్చే ఖనిజపు పొడి. ఎకరాకు 200 కిలోలు, తొలి పూతకూ ఊడలు దిగే దశకూ మధ్య, అంటే 30-45 రోజుల నడుమ వేయాలి. ఆకులు పొడిగా ఉన్నప్పుడు మొక్కల మొదళ్ల పక్కన సాలు వెంట పోసి, మట్టి ఎగదోయాలి. 45 రోజులు దాటాక గుంటక (సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలకూడదు, మట్టిలో దిగిన ఊడ ఒకసారి కదిలిందంటే తెగినట్టే. స్వచ్ఛమైన జిప్సంలో కాల్షియం 23 శాతం, గంధకం 18 శాతం పైచిలుకు ఉంటాయి. బజారులో దొరికేది అంత స్వచ్ఛం కాదు.

విత్తేటప్పుడే వేసేస్తే పనైపోతుంది కదా? ఒక చిన్న లెక్క చూడండి. లీటరు నీటిలో జిప్సం రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీరు దాదాపు లక్ష లీటర్లు. అంటే ఒక్క మంచి వానకు 200 కిలోలనూ కరిగించే సత్తా ఉంది. కాల్షియాన్ని పట్టి ఉంచే బంకమట్టి మన గరప (ఇసుక పాలెక్కువున్న) నేలల్లో తక్కువ, విత్తనాల నాటి జిప్సం ఊడలు దిగేలోపే పైపొర దాటి లోతుకు జారిపోతుంది. మరి సున్నపురాయి పొడి? అది లీటరుకు 13-15 మిల్లీగ్రాములే కరుగుతుంది. పులుపు (ఆమ్ల) నేలల్లో అయితే విత్తడానికి ముందే వేసి కలియదున్నడానికి పనికొస్తుంది. ఊడల దశలో చల్లితే ఆ సీజనుకు ఉపయోగం లేదు.

బోరు నీళ్లలోనూ కాల్షియం ఉంటుంది. లీటరుకు 80 మిల్లీగ్రాములున్న నీటిని 5 సెంటీమీటర్ల తడి పెడితే ఎకరాకు 16 కిలోల కాల్షియం ఇచ్చినట్టు, అందులో కొంత సున్నంగా పేరుకుపోయినా సరే. వానాధారం చేలకు ఆ వసతి లేదు.

పొటాష్‌తో జాగ్రత్త. డొల్ల ఉపరితలం దగ్గర పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం ఒకే గుమ్మం కోసం తోసుకుంటాయి. పొటాష్ దుక్కిలోనే వేసేయాలి, జిప్సంతో కలిపి పైపాటుగా వేస్తే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. భాస్వరం కోసం వేసే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బరువులో సుమారు సగం జిప్సమే. అదే భాస్వరం కోసం వేసే డీఏపీలో కాల్షియమూ లేదు, గంధకమూ లేదు. సూపర్ మానేసి డీఏపీకి మారిన చేలల్లో జిప్సం అవసరం పెరిగిందంటే ఆశ్చర్యమేముంది? పెద్ద గింజ రకాలకు ఇంకా ఎక్కువ కావాలి. కాయ పొడవు, లావు రెట్టింపైతే లోపలి పరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, పీల్చుకునే డొల్ల వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే.

లొట్ట కనిపించగానే జిప్సం అనేయకండి. ముందు కాయ ఒలిచి చూడండి. డొల్ల బాగుండి లోపల ఖాళీ అయితే కాల్షియం లోపమో, పైపొర ఎండడమో. గింజను రెండు బద్దలు చేస్తే మొలక మొన నల్లగా ఉన్నా కాల్షియమే, ఆ గింజ విత్తనానికి పనికిరాదు. బద్దల లోపలి ముఖం నడుమ గుంట పడి గోధుమరంగు తిరిగితే బోరాన్ లోపం. డొల్ల పైనే నల్లగా మారి, కాయలు చిన్నవైపోతే నులిపురుగు సంగతి చూడాలి. 1975-76లో శ్రీకాళహస్తి ప్రాంతంలో మొదట గుర్తించిన ఆ తెగులుకు శాస్త్రవేత్తలు కాళహస్తి పేరే పెట్టారు. దానికి జిప్సం మందు కాదు.

బడుల్లో ఈ పాఠం "వేరుశనగ కాయలు భూమిలో కాస్తాయి" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఒక కుండీ మొక్క ఉంటే దీన్ని పిల్లలే తేల్చుకోవచ్చు. మూడు ఊడలకు మూడు రంగుల దారాలు కట్టండి. ఒకదాన్ని కుండీ మట్టిలోకి దిగనివ్వండి. రెండోదాన్ని పుల్లతో పైకెత్తి గాల్లోనే ఉంచండి. మూడోదాన్ని కడిగిన ఇసుక నింపిన చిన్న కప్పులోకి దించి, ఇసుక ఆరనివ్వకుండా ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటర్, పోస్తూ ఉండండి. గాల్లోది కాయగా మారదు. కప్పులోది డొల్ల కట్టినా గింజ సరిగా ఊరే అవకాశం తక్కువ. కప్పులో కొళాయి నీళ్లు మాత్రం పోయకండి. మన బోర్లలో వచ్చే సున్నపు నీళ్లకు మూడో ఊడ కూడా గింజ కట్టేస్తుంది, పిల్లలకు ఏమీ తేలదు.