పుచ్చు పట్టాక ఆముదం రాస్తే లాభం లేదు: పప్పుల నిల్వ, అపోహలు - వాస్తవాలు

బెంగళూరు యశ్వంతపుర యార్డ్ దగ్గర గోడౌన్‌లో పప్పుధాన్యాల క్వాలిటీ చూసే పని నాది. ఊరి నుంచి పెసలో అలసందలో తెచ్చుకున్న మనవాళ్ళు నెలన్నర డబ్బాలో వదిలేసి, పురుగులు పాకుతుంటే అప్పుడు ఫోన్ చేస్తారు, "తమ్ముడూ, ఆముదం ఎంత రాయాలి?" అని.

అపోహ: పురుగు పట్టాక నూనె రాస్తే చస్తుంది.

లోపలున్నది చావదు. పుచ్చు పురుగు గుడ్డుని గింజ పైన అంటిస్తుంది, నూనె పొర ఆ గుడ్డుకి గాలి ఆడనివ్వదు, నూనె చేసే పని ముఖ్యంగా అదే. గుడ్డు అడుగు నుంచి పిల్ల తిన్నగా గింజలోకి తొలుచుకుని పోయాక పైన ఎంత రాసినా దానికి తగలదు. మా పై ఫ్లోర్ కడప అక్క పది కిలోల పెసల్లో పావు లీటర్ ఆముదం పోసేసి పిలిచింది. గింజలు వెలుతురులో పెట్టి చూపించా, గుడ్డు గాజులా మెరిస్తే ఇంకా పొదగలేదు, సున్నం చుక్కలా తెల్లగా ఉంటే పిల్ల తొలిచిన పొడి పెంకులో నిండింది, అంటే లోపలికి పోయిందని. దాదాపు అన్నీ సున్నం చుక్కలే. వాళ్ళ నాన్న పండించినవట, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ మనసు ఊరుకోలేదు. డీప్ ఫ్రీజర్‌లో వారం పెడితే లోపలివీ చస్తాయి గానీ తినేసిన పప్పు తిరిగి రాదు కదా.

అందుకే ముందే రాయండి. పంటి కింద టక్కున విరిగేదాకా ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక, కిలోకి 5 మి.లీ., అంటే ఒక టీస్పూన్. వేరుశనగ, కొబ్బరి, ఆముదం ఏదైనా సరే, ప్రతి గింజకీ అంటేలా చేత్తో రుద్ది గట్టి మూత పెట్టాలి. తడి ఉన్న గింజకి నూనె రాస్తే బూజు ఆగదు, నూనె ఎక్కువైతే పాతబడి కంపు కొడుతుంది.

అపోహ: చెరిగేస్తే చాలు, ప్రోటీన్ ఎక్కడికీ పోదు.

పోతుందండీ, పురుగు తినేది ఆ పప్పునే. పైగా యూరిక్ యాసిడ్ అనే వ్యర్థాన్ని పప్పులో వదుల్తుంది. ల్యాబ్‌లో ప్రోటీన్‌ని నైట్రోజన్ బట్టి లెక్కేస్తారు కాబట్టి పురుగు ఒంట్లోదీ కలిసి అంకె పెరిగినట్టు కనిపించొచ్చు, అది చూసి మోసపోకండి.

అపోహ: ఆముదం పట్టించిన కందిపప్పు విషం.

వాట్సాప్‌లో ఈ వీడియో ఎవరు తిప్పుతున్నారో గానీ, పసిపిల్లల తల్లులు భయపడి పప్పు పారేస్తున్నారు. రిసిన్ అనే విషం ఆముదం గింజలో ఉంటుంది, నూనె తీశాక పిండిలోనే మిగిలిపోతుంది. గోరువెచ్చటి నీళ్ళతో రెండుసార్లు కడిగి వండుకోండి. వేపనూనె మాత్రం విత్తనాలకే ఉంచండి, తినే పప్పుకి వద్దు.