పీఎం కిసాన్, రైతు భరోసా: "అందరికీ పడ్డయి, నాకే పడలే" (అపోహలు - వాస్తవాలు)

రైతు వేదికలో కూసున్న రోజల్లా నాకు వినపడే మాట ఇదే. ఏఈఓగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) ఏండ్ల నుంచి చూస్తున్న, ఊర్లో తిరిగే తప్పు మాటలు నమ్మి రైతులు నాట్ల టైంల పనులు ఇడిసిపెట్టి బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నరు, అందుకే రాస్తున్న.

అపోహ: రెండు స్కీముల పైసలు ఒకే ఖాతాలో పడతయి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. తెలంగాణ సర్కారు ఇచ్చే రైతు భరోసా మీరు మాకు రాసిచ్చిన ఖాతా నంబరుకు పోతది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ అట్ల కాదు, మీ ఆధార్ చివరగా ఏ ఖాతాకు లింకైందో అందులోకి పోతది. పోయిన వానాకాలం ఒక అవ్వ పాస్‌బుక్కు కొంగుల ముడేసుకొని వచ్చింది, "మూడుసార్ల నుంచి పడలే బిడ్డా" అన్నది. సైట్ల చూస్తే మూడు విడతలూ జమ అయినట్టే ఉంది, బ్యాంకు పేరే వేరు. గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది, కొత్త సిమ్ము తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసిందట, దాంతోపాటు ఆమెకు తెల్వకుండ ఇంకో ఖాతా తెరిచిన్రు. ఆరు వేలు అందులోనే ఉన్నయి. "అయితే నా పైసలు నాకే ఉన్నయా" అని రెండుసార్లు అడిగింది.

ఈ ఆధార్ లింకు ఏ బ్యాంకుకు ఉందో ఆధార్ సైట్ల ఓటీపీతో చూసుకోవచ్చు, మార్చాల్నంటే మీకు కావాల్సిన బ్యాంకుల ఫారం ఇయ్యాలె, మా చేతుల లేదు.

అపోహ: పీఎం కిసాన్ ఈకేవైసీల (ఆధార్‌తో మనిషిని గుర్తుపట్టుడు) వేలిముద్ర పడకపోతే పేరు కొట్టేస్తరు.

వాస్తవం: లేదు. నాట్లేసి కలుపు తీసిన చేతులకు గీతలు అరిగిపోతయి, అది మీ తప్పా? ఆధార్‌కు ఫోన్ నంబరు ఉంటే ఓటీపీతో, అదీ లేకుంటే పీఎం కిసాన్ యాప్‌ల మొఖం చూపించి ఈకేవైసీ చేయొచ్చు. కానీ ఈకేవైసీ కానన్ని రోజులు విడత ఆగుతది, అది మాత్రం నిజం.

అపోహ: భార్యాభర్తలిద్దరికీ పట్టా ఉంటే రెండూ ఇద్దరికీ వస్తయి.

వాస్తవం: రైతు భరోసా పట్టాను బట్టి, సీజన్‌కు ఎకరానికి 6,000, ఆయనకు రెండెకరాలుంటే 12,000, ఆమెకు ఇరవై గుంటలుంటే 3,000. పీఎం కిసాన్ కుటుంబానికి ఒక్కటే, ఎకరం ఉన్నా పదెకరాలున్నా ఏడాదికి 6,000. ఇద్దరూ తీసుకుంటే తర్వాత వాపస్ కట్టమంటరు.

అపోహ: భూమి కొని పాస్‌బుక్కు వస్తే పీఎం కిసాన్ కూడా వస్తది.

వాస్తవం: 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలె. తల్లో తండ్రో చనిపోయి వారసత్వంగా వస్తే వేరే లెక్క.

అపోహ: సాగు చేసేటోళ్లకే ఇస్తరు.

వాస్తవం: దుక్కి దున్నేది కౌలు రైతైనా పైసలు పట్టాదారుకే పోతయి. ఎరువు బస్తా అప్పుకు తెచ్చి చల్లినోడు నా ముందర నిలబడి అడిగితే, ఇది తప్పే అనిపిస్తది నాకు, ఎన్నేండ్లయినా.

ఇంకొకటి, వాట్సాప్‌ల "పీఎం కిసాన్ లిస్టు" అని ఏపీకే ఫైలు (ఫోన్‌ల యాప్ ఎక్కించే ఫైలు) వస్తే అస్సలు నొక్కొద్దు, ఖాతా మొత్తం ఊడ్చేస్తరు. అనుమానం ఉంటే పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261కు ఫోన్ చేయండి, లేదంటే ఆధార్, పాస్‌బుక్కు, ఆధార్‌కు లింకైన ఫోనూ పట్టుకొని రైతు వేదికకు రండి, ఫోన్ కొడుకు దగ్గర హైదరాబాద్‌ల ఉంటే ఓటీపీ ఎవరు చెప్పాలె?